'ఆలస్యం' అన్న మాటకు హద్దులు: అరుదైన జన్యు రుగ్మతలున్న పిల్లల ఫిజియోథెరపీలో కొలమానాల విమర్శ

వ్యాస సంగ్రహం:

అరుదైన జన్యు రుగ్మతలతో పుట్టిన పిల్లల్లో కదలికల ఎదుగుదల లోపించినప్పుడు వైద్యం, విధానం, కుటుంబం మూడూ వాడే మాట 'ఆలస్యం'. ఆలస్యమైనది ఎప్పటికైనా వస్తుందన్న సూచన ఆ మాటలోనే ఉంది. డుషెన్ కండర క్షీణత, స్పైనల్ మస్క్యులర్ ఎట్రోఫీ, ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా వంటి రుగ్మతల్లో ఆ సూచన అన్నివేళలా నిజం కాదు. ఆరోగ్యవంతులైన పిల్లల సగటు మీద కట్టిన కొలబద్దతో ఈ పిల్లల ఫిజియోథెరపీ ఫలితాన్ని తూచడం వల్ల మెరుగుదలకూ క్షీణతకూ కూడా తప్పు కారణాలు ఆపాదించబడుతున్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. రుగ్మత సహజ గమనమే కొలమానం కావాలని, ఆ గమనం తెలియని చోట బిడ్డ గత స్థితే కొలమానం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఫిజియోథెరపీ, జన్యు రుగ్మతలు, కదలికల ఎదుగుదల, సహజ గమనం, కొలమానం, అరుదైన వ్యాధుల విధానం.

1. ఉపోద్ఘాతం:

తెలుగిళ్ళలో పసిబిడ్డ ఎదుగుదలకు ఒక పిండివంటల పంచాంగం ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. ప్రాంతాన్ని బట్టి వంటకాలు మారవచ్చు గాని వరుస మారదు. ఈ ఆచారం వెనుక ఒక నమ్మకం ఉంది: ఒక మెట్టు తరువాత మరొక మెట్టు తప్పక వస్తుంది. కాస్త అటూ ఇటూ అయినా ఇంట్లో పెద్దలు కంగారుపడరు. "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అన్న మాటతో ఊరట చెబుతారు. చాలా ఇళ్ళలో ఆ ఊరట నిజమే అవుతుంది.

కొన్ని ఇళ్ళలో కాదు. బొబ్బట్లు వండుకున్న ఇంట్లో అరిసెలు వండే రోజు ఏళ్ళు గడిచినా రాదు. వచ్చినా, వేసిన అడుగులు కొన్నేళ్ళకు మళ్ళీ ఆగిపోతాయి. ఇటువంటి పిల్లల్లో కొందరికి మూలకారణం ఒకే ఒక జన్యువులోని మార్పు. అరుదైన వ్యాధులుగా గుర్తించినవి సుమారు 7,000 ఉంటాయని, వాటిలో అత్యధికం జన్యు సంబంధమైనవేనని అంచనా. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ అరుదే. కలిపి చూస్తే బాధితుల సంఖ్య చిన్నది కాదు.

ఈ వ్యాధుల్లో అధిక శాతానికి నిర్దిష్టమైన మందు లేదు. అందువల్ల రోగ నిర్ధారణ తరువాత చాలా కుటుంబాలకు చేతికందే చికిత్స ఫిజియోథెరపీ ఒక్కటే. అంత భారం మోసే చికిత్సను దేనితో కొలుస్తున్నారు అన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

2. కొలబద్ద పుట్టుక, దాని ప్రయోజనం:

నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న కొలబద్దల్లో ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించినది. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యవంతులైన పిల్లలను పరిశీలించి ఆరు ప్రధాన కదలికలకు కాల పరిధులను నిర్ణయించారు. ఆధారం లేకుండా కూర్చోవడానికి 3.8 నుంచి 9.2 నెలలు, ఒంటరిగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు ఆ పరిధులు. ఇవి ఒక తేదీని కాక ఒక కిటికీని చూపుతాయి. పరిశీలించిన పిల్లల్లో నూటికి నలుగురికి పైగా చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే ముందుకు సాగారు. అంటే వరుసలోని ప్రతి మెట్టూ తప్పనిసరి కాదని ఈ అధ్యయనమే చెప్పింది.

ఈ కొలబద్ద విలువను తక్కువ చేయనక్కరలేదు. పద్దెనిమిది నెలలు దాటినా నడవని బిడ్డను గుర్తించి పరీక్షకు పంపడానికి ఇంతకంటే సులభమైన సాధనం లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2013లో ప్రచురించిన నివేదిక కదలికల్లో వెనుకబడి, కండరాల బిగువు తక్కువగా ఉన్న పిల్లలకు క్రియాటిన్ కైనేజ్ రక్తపరీక్ష చేయించాలని సూచించింది. మామూలు రక్తపరీక్ష అది. డుషెన్ వ్యాధిని అనుమానించడానికి తొలి ఆధారం అదే. కాల పరిధులు లేకపోతే ఆ పరీక్ష రాసే సందర్భమే రాదు.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. వడపోతకు తయారైన కొలబద్దనే చికిత్సాఫలితానికీ కొలబద్దగా వాడుతున్నారు. గడప దగ్గర పనికొచ్చిన కొలత గది లోపల పనికిరాదు. వ్యాధి పేరు తెలిసిన క్షణం నుంచి ఆరోగ్యవంతుడైన బిడ్డతో పోలిక చికిత్సకుడికి ఏమీ చెప్పదు.

3. ఒక మాట, మూడు గతులు:

'ఆలస్యం' అన్న ఒక్క మాట కింద మూడు వేరువేరు గతులు దాగి ఉన్నాయి.

మొదటిది నిజమైన ఆలస్యం. డౌన్ సిండ్రోమ్ జన్యు స్థితులన్నింటిలోకీ అంత అరుదైనది కాదు గాని ఈ గతికి స్పష్టమైన ఉదాహరణ. ఈ పిల్లలు ఆలస్యంగానైనా దాదాపు అందరూ నడుస్తారు. 2001లో డేల్ ఉల్రిచ్ బృందం పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో తల్లిదండ్రులు ఇంట్లోనే చిన్న ట్రెడ్‌మిల్‌పై బిడ్డను నిలబెట్టి రోజుకు ఎనిమిది నిమిషాలు, వారానికి ఐదు రోజులు సాధన చేయించారు. ఆ పిల్లలు మిగిలినవారికంటే సుమారు 101 రోజుల ముందు ఒంటరిగా నడిచారు. ఇక్కడ ఫిజియోథెరపీ రాబోయేదాన్ని తొందరగా రప్పించింది. 'ఆలస్యం' అన్న మాట ఇక్కడ సార్థకం.

రెండవది నిలకడ. కొంతవరకు వచ్చిన ఎదుగుదల ఒకచోట ఆగుతుంది. మూడవది తిరోగమనం. రెట్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్ల తొలి నెలల్లో మామూలుగానే కనిపిస్తుంది. ఆ తరువాత చేతులతో వస్తువులు పట్టుకునే నేర్పు, మాట రెండూ పోగొట్టుకుంటుంది. ఆ దశ గడిచాక ఏళ్ళ తరబడి సాగే నిలకడ దశ వస్తుంది. ఒకే బిడ్డ జీవితంలో తిరోగమనం, నిలకడ రెండూ ఉన్నప్పుడు ఆమె స్థితిని 'ఎదుగుదల ఆలస్యం' అని రాయడం వర్ణన కాదు, వర్ణనను ఎగవేయడం.

ఈ మూడు గతులకు ఫిజియోథెరపీ లక్ష్యాలు మూడు విధాలు: రప్పించడం, నిలపడం, జారుడు వేగాన్ని తగ్గించడం. మూడింటినీ మొదటిదాని కొలతతో తూచితే చివరి రెండూ ఎప్పుడూ ఓటమిగానే కనిపిస్తాయి.

4. డుషెన్: మెరుగుదల కలిగించే భ్రమ:

కొలమానం తప్పితే నిందతో పాటు ప్రశంస కూడా తప్పుగా పడుతుందనడానికి డుషెన్ కండర క్షీణత గట్టి ఉదాహరణ. ఎక్స్ క్రోమోజోమ్ మీది డిస్ట్రోఫిన్ జన్యువులో మార్పు వల్ల వచ్చే ఈ వ్యాధి దాదాపు మగపిల్లల్లోనే కనిపిస్తుంది. నేల మీద నుంచి లేచేటప్పుడు తన తొడలనే చేతులతో పట్టుకుని పైకి పాకినట్టు లేవడం దీని ప్రసిద్ధ లక్షణం.

నడవగలిగే డుషెన్ పిల్లల సామర్థ్యాన్ని కొలవడానికి బ్రిటన్‌లో నార్త్ స్టార్ ఆంబులేటరీ అసెస్‌మెంట్ రూపొందింది. అందులో 17 అంశాలు, మొత్తం 34 మార్కులు. ఈ కొలతతో పిల్లలను ఏళ్ళ తరబడి గమనించగా ఒక ముఖ్య విషయం తేలింది. సుమారు ఆరేడేళ్ళ వయసు వరకు చాలామంది మార్కులు పెరుగుతాయి. కండరంలో క్షీణత జరుగుతున్నా, సహజమైన ఎదుగుదల దానిని మించి సాగుతుంది. ఆ తరువాత క్షీణతది పైచేయి అవుతుంది, మార్కులు తగ్గుతాయి.

ఈ వక్రరేఖను పక్కన పెట్టి చూస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. నాలుగేళ్ళకు ఫిజియోథెరపీ మొదలుపెట్టిన బాలుడు ఆరేళ్ళకు మెరుగ్గా నడుస్తాడు. ఆ ఘనత మొత్తం వ్యాయామానికి దక్కుతుంది. ఇంకా ఎక్కువ, ఇంకా బరువైన వ్యాయామం చేయించాలన్న తొందర పుడుతుంది. ఎనిమిదేళ్ళకు అతడు మెట్లు ఎక్కలేకపోతాడు. అప్పుడు నింద మొత్తం ఇంటి మీద పడుతుంది: రోజూ చేయించలేదు, మధ్యలో మానేశారు, తల్లి ఉద్యోగానికి వెళ్ళింది. రెండు తీర్పులూ తప్పే. మొదటిది చికిత్సకు లేని శక్తిని ఆపాదించింది. రెండవది తల్లికి లేని దోషాన్ని అంటగట్టింది.

మొదటి తప్పుకు శారీరకమైన మూల్యం కూడా ఉంది. డిస్ట్రోఫిన్ లేని కండరం, సాగుతూ బలం ప్రయోగించే పనులకు సులభంగా దెబ్బతింటుంది. అందుకే అంతర్జాతీయ సంరక్షణ మార్గదర్శకాలు బరువులెత్తే వ్యాయామాన్ని, మెట్లు దిగడం వంటి పనిని పదేపదే చేయించడాన్ని వారిస్తాయి. క్రమబద్ధంగా కండరాలు సాగదీయడం, రాత్రివేళ చీలమండకు ఆధారపట్టీ వేయడం, అలసట రాని మోతాదులో ఈత, సైకిల్ వంటివి సూచిస్తాయి. 'ఎంత చేస్తే అంత మంచిది' అన్న సామాన్య వ్యాయామ నీతి ఇక్కడ హాని చేస్తుంది.

సరైన కొలతతో చూస్తే ఫలితం వేరుగా కనిపిస్తుంది. స్టెరాయిడ్లు వాడుతూ, చీలమండ బిగుసుకుపోకుండా కాపాడుకుంటూ వచ్చిన బాలుడు తన వ్యాధి సహజ గమనం కంటే ఎక్కువ కాలం నడిస్తే అది విజయం. తొమ్మిదేళ్ళకు అతని మార్కులు తగ్గి ఉండవచ్చు. తగ్గుదల నెమ్మదించడమే అక్కడి సాఫల్యం.

5. ఎస్‌ఎంఏ: మారిన గమనం:

స్పైనల్ మస్క్యులర్ ఎట్రోఫీ విషయంలో కదలికల మెట్టు వ్యాధి వర్గీకరణలోకే ప్రవేశించింది. ఎప్పటికీ కూర్చోలేని బిడ్డది మొదటి రకం, కూర్చున్నా నడవలేనిది రెండవ రకం, నడిచినది మూడవ రకం. బిడ్డ ఏ మెట్టు దాకా వెళ్ళిందో అదే ఆ బిడ్డ వ్యాధి పేరు. మందు లేని కాలంలో ఈ వర్గీకరణ భవిష్యత్తును చెప్పగలిగింది.

2016 డిసెంబరులో అమెరికాలో నుసినెర్సెన్‌కు, 2019లో జన్యు చికిత్స ఒనసెమ్నోజీన్‌కు, 2020లో నోటి ద్వారా ఇచ్చే రిస్డిప్లామ్‌కు అనుమతి లభించాక ఆ భవిష్యవాణి చెదిరింది. లక్షణాలు కనిపించక ముందే నుసినెర్సెన్ మొదలుపెట్టిన 25 మంది శిశువుల అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అందరూ ఆధారం లేకుండా కూర్చోగలిగారు. 22 మంది ఒంటరిగా నడిచారు. అప్పటికే 2018 నాటి అంతర్జాతీయ సంరక్షణ ప్రమాణాలు రకాల పేర్లకంటే 'కూర్చోలేనివారు, కూర్చోగలవారు, నడవగలవారు' అన్న ప్రస్తుత స్థితినే ఆధారంగా తీసుకున్నాయి. పేరులో జాతకం పోయి, వర్తమానం వచ్చింది.

ఈ మార్పు ఫిజియోథెరపీ పాత్రను తగ్గించలేదు, పెంచింది. ఒకప్పుడు కూర్చోలేని బిడ్డకు భంగిమ, శ్వాస, బిగుసుకుపోయే కీళ్ళు చూసుకోవడమే పని. మందు అందిన బిడ్డకు కొత్తగా కదలికలు నేర్పాలి. అదే సమయంలో వంకర తిరిగే వెన్నును కాపాడాలి. ఈ బిడ్డకు పాత సహజ గమనం పూర్తిగా సరిపోదు, ఆరోగ్యవంతుల సగటు అసలే సరిపోదు. కొత్త గమనం ఇంకా నమోదవుతూనే ఉంది.

'ఆలస్యం' అన్న మాట వల్ల ప్రాణాపాయం కలిగేది కూడా ఇక్కడే. ఎస్‌ఎంఏలో పోయిన చాలక నాడీకణాలు తిరిగి రావు. మెడ నిలపని బిడ్డను చూసి 'కాస్త ఆలస్యం, ఆగి చూద్దాం' అనుకున్న ప్రతి నెలా మందు కాపాడగల కణాల సంఖ్య తగ్గుతుంది. ఆలస్యమైనది బిడ్డ ఎదుగుదల కాదు, నిర్ధారణ.

6. అరువు తెచ్చుకున్న పద్ధతులు:

పిల్లల ఫిజియోథెరపీ చాలావరకు సెరిబ్రల్ పాల్సీ చుట్టూ పెరిగింది. బెర్తా, కారెల్ బొబాత్ దంపతులు 1940ల నుంచి లండన్‌లో రూపొందించిన పద్ధతి అసాధారణ కదలికలను అణచి సాధారణ కదలికలను రాబట్టాలని భావించింది. కెనడాలో రూపొందిన గ్రాస్ మోటార్ ఫంక్షన్ మెజర్ కూడా మొదట సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసమే తయారైంది. అవే పద్ధతులు, అవే కొలతలు జన్యు రుగ్మతలున్న పిల్లలకూ వచ్చి చేరాయి.

ఈ అరువులో రెండు లోపాలున్నాయి. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు జరిగిన గాయం స్థిరమైనది, పెరగదు. పైన చూసిన వ్యాధులు పెరిగేవి. స్థిర గాయానికి కట్టిన ఎదుగుదల రేఖ పెరిగే వ్యాధికి వర్తించదు. రెండవది, సొంతింట్లోనే ఆ పద్ధతి ప్రతిష్ఠ తగ్గింది. సెరిబ్రల్ పాల్సీ చికిత్సలపై ఇయోనా నొవాక్ బృందం 2013లో చేసిన సమీక్ష నిజజీవిత పనుల్లో లక్ష్యాధారిత సాధనను సమర్థించి, బొబాత్ పద్ధతికి అనుకూలమైన ఆధారం లేదని తేల్చింది. 'సాధారణంగా కనిపించే కదలిక' కంటే 'పనికొచ్చే కదలిక' ముఖ్యమన్నది దాని సారం.

అరువు పద్ధతి నేరుగా హాని చేయగల రుగ్మత ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా. కొల్లాజెన్ లోపం వల్ల ఎముకలు పెళుసుగా ఉండే ఈ పిల్లలు కూడా ఆలస్యంగా నడుస్తారు. వీరి కాళ్ళు పట్టి సాగదీయడం, చేతులు పట్టి లేవదీయడం, గుడ్డలు మార్చేటప్పుడు రెండు చీలమండలూ కలిపి పైకెత్తడం ఎముకను విరిచే ప్రమాదం కలిగిస్తాయి. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, కాళ్ళు చేతులు లాగి నీళ్ళు పోసే తెలుగిళ్ళ పద్ధతి మామూలు బిడ్డకు ముచ్చటే గాని ఈ బిడ్డకు కాదు. ఇక్కడ ఫిజియోథెరపిస్టు చేయవలసిన మొదటి పని వ్యాయామం చేయించడం కాదు; అమ్మమ్మకు బిడ్డను ఎత్తుకోవడం నేర్పడం. నీటిలో కదలికలు, క్రమంగా పెంచే బరువు మోత ఆ తరువాతి మెట్లు. ఈ బోధనకు ఏ మార్కుల పట్టికలోనూ గడి లేదు.

7. విధాన పత్రాల్లో ఫిజియోథెరపీ:

భారత ప్రభుత్వం 2021 మార్చిలో జాతీయ అరుదైన వ్యాధుల విధానాన్ని ఆమోదించింది. వ్యాధులను అది మూడు వర్గాలు చేసింది: ఒక్కసారి చికిత్సతో నయమయ్యేవి, దీర్ఘకాలం సాపేక్షంగా తక్కువ ఖర్చుతో చికిత్స చేయదగినవి, చికిత్స ఉన్నా ఖర్చు అత్యధికమైనవి. 2022 సవరణతో ఏ వర్గానికైనా 50 లక్షల రూపాయల వరకు సహాయం అందే ఏర్పాటు జరిగింది. ఈ సహాయం అందించే విశిష్ట కేంద్రాల తొలి జాబితాలోనే హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రం, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కలిసి చోటు పొందాయి. ఇది కాదనలేని ముందడుగు.

అయితే ఈ వర్గీకరణకు ఆధారం నిర్దిష్ట చికిత్స ఉందా, దానికి ఎంత ఖర్చు అన్నవే. జాబితాలో ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా పక్కన బిస్ఫాస్ఫొనేట్లు, ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ పక్కన గ్రోత్ హార్మోన్ కనిపిస్తాయి. వ్యాధి తన మందు పేరుతోనే జాబితాలోకి ప్రవేశిస్తుంది. మందు లేని వ్యాధికి ఈ చట్రంలో చోటు దొరకడం కష్టం. వారికి మిగిలిన ఏకైక చికిత్స ఫిజియోథెరపీ కావడం ఇందులోని వైరుధ్యం. మందు ఒక సంఘటన, దానికి బిల్లు ఉంటుంది. ఫిజియోథెరపీ ఏళ్ళ తరబడి సాగే దినచర్య. దానికయ్యే ఖర్చులో పెద్ద భాగం బస్సు చార్జీలు, పోయిన కూలి, తల్లి సమయం. అవి ఏ బిల్లులోనూ కనిపించవు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఈ లోటును కొంత పూడ్చింది. అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి సంచార వైద్య బృందాలు వెళ్ళి పిల్లలను పరీక్షించాలన్నది దాని ఏర్పాటు. సమస్య గుర్తించిన పిల్లలు జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్ళాలి. అక్కడి బృందంలో ఫిజియోథెరపిస్టు ఒక భాగం. నిర్మాణం చక్కనిదే. అయితే 'ఎదుగుదల ఆలస్యం' అన్న ఒకే గంపలో చేరిన బిడ్డ ఆ గంపలోంచి తన వ్యాధి పేరుతో బయటికి రావాలి. జన్యు నిర్ధారణ రాష్ట్ర రాజధానిలో, ఫిజియోథెరపీ జిల్లా కేంద్రంలో, బిడ్డ పల్లెలో ఉన్నంతకాలం వ్యాధి పేరు చికిత్సకుడి చేతికి అందడమే ఆలస్యమవుతుంది.

8. ప్రత్యామ్నాయం, దాని పరిమితులు:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐసీఎఫ్ చట్రం శరీర నిర్మాణం, చేసే పని, సమాజంలో పాలుపంచుకోవడం అన్న మూడింటినీ పక్కపక్కన పెట్టింది. పీటర్ రోజెన్‌బామ్, యాన్ విల్లెమ్ హోర్టర్ 2012లో దానిని ఆరు తేలిక మాటల్లోకి దించారు. తెలుగులో వాటిని పని, కుటుంబం, దేహదారుఢ్యం, ఆట, స్నేహితులు, భవిష్యత్తు అనవచ్చు. ఈ చట్రంలో చక్రాల కుర్చీ ఓటమికి గుర్తు కాదు. స్నేహితులతో మైదానానికి వెళ్ళే సాధనం.

వ్యాధి సహజ గమనం నమోదైన చోట దానితో పోల్చాలి. అత్యంత అరుదైన వ్యాధుల్లో పోల్చడానికి పదిమంది పిల్లల వివరాలు కూడా ఉండవు. అక్కడ బిడ్డ నిన్నటి స్థితే నేటి కొలత. 1968లో కిరెసుక్, షెర్మన్ ప్రతిపాదించిన లక్ష్యసాధన మానం ఇందుకు పనికొస్తుంది. కుటుంబం, చికిత్సకుడు కలిసి ఒక లక్ష్యం నిర్ణయించి, ఫలితాన్ని –2 నుంచి +2 వరకు అయిదు మెట్లలో రాస్తారు. 'మూడు నెలల్లో దిండు ఆధారంతో అన్నం తినేంతసేపు కూర్చోవడం' వంటిది అక్కడ లక్ష్యమవుతుంది.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. లక్ష్యాన్ని తక్కువగా పెట్టుకుంటే అందరూ గెలిచినట్టే కనిపిస్తుంది. ఒక బిడ్డ మార్కులను మరొక బిడ్డతో పోల్చలేము. కాబట్టి ఏ చికిత్స మేలైనదో దీనితో తేల్చడం కష్టం. అందువల్ల లక్ష్యసాధన మానం వ్యాధి వారీ నమోదుకు తోడు కావాలే గాని దాని స్థానంలో రాకూడదు. తక్కువ మంది పిల్లలతో జరిగిన అధ్యయనాల మీద నిలిచిన ఈ రంగంలో ప్రతి జిల్లా కేంద్రంలో ప్రతి బిడ్డ వివరాలనూ ఒకే తీరున రాసి ఉంచడం పరిశోధనే.

9. ముగింపు:

కొలమానం మారితే చికిత్సకుడి నైతిక స్థితి కూడా మారుతుంది. ఆరోగ్యవంతుల సగటుతో పోల్చినంతకాలం పెరిగే వ్యాధి ఉన్న బిడ్డ విషయంలో అతనికి రెండే దారులు: రాని మెట్టును వాగ్దానం చేయడం, లేదా ఫలితం లేదని చేతులెత్తేయడం. మొదటిది కుటుంబాన్ని మోసగిస్తుంది, రెండవది బిడ్డను వదిలేస్తుంది. వ్యాధి గమనం తెలిసిన చికిత్సకుడికి మూడవ దారి ఉంది: ఏది వస్తుందో, ఏది నిలుస్తుందో, ఏది నెమ్మదిగా పోతుందో ముందే చెప్పి, ప్రతి దశలోనూ చేయగలిగింది చేయడం.

ఇందుకు తెలుగులో మాటలు లేకపోలేదు. 'ఎదుగుదల ఆలస్యం' అన్న ఒక్క పదబంధాన్ని వడపోత దశకు పరిమితం చేసి, నిర్ధారణ తరువాత ఆలస్యం, నిలకడ, తిరోగమనం అన్న మూడింటిలో ఏది వర్తిస్తుందో కేసు పత్రంలో రాయడం ఖర్చు లేని సంస్కరణ. తల్లిదండ్రులకు ఇచ్చే తెలుగు కరపత్రాల్లోనూ ఈ భేదం ఉండాలి. వైద్య పరిభాషను తెలుగు చేసేవారు, వైకల్య సాహిత్యాన్ని పరిశీలించేవారు ఈ మూడు మాటల తేడాను గమనించవలసిన అవసరం ఉంది. ఎనిమిదేళ్ళ కొడుకు మెట్లు ఎక్కలేకపోయిన రోజున తన వల్లనే ఇలా అయిందని ఒక తల్లి అనుకోకుండా ఉండడం ఆ తేడా మీదే ఆధారపడి ఉంది.